పర్లాకిమిడి నుంచి హోస్టింగ్ డైరీ: 6,400 పుస్తకాల జాబితాకు చోటు వెతకడం

పర్లాకిమిడిలోని మా తెలుగు పఠనాలయం పుస్తకాల జాబితానూ, పాత పుస్తకాల స్కాన్లనూ ఇంటర్నెట్‌లో పెట్టడానికి అద్దె చోటు (హోస్టింగ్) వెతికిన పని ఇది. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు సంఘాలు, చిన్న గ్రంథాలయాలు నడుపుతున్నవాళ్లు ఇదే పనికి దిగితే నేరుగా వాడుకునేలా రాస్తున్నాను. ఏది ఆగిపోయింది, ఎందుకు మార్చాం, ఎంత ఖర్చయింది అన్నవే ఎక్కువ ఉంటాయి. కంపెనీలతో ఇబ్బంది వచ్చినచోట పేర్లు రాయడం లేదు. ఆ ఇబ్బందులు ఏ కంపెనీ దగ్గరైనా రావచ్చు కాబట్టి, వాటిని ఎలా పట్టుకోవాలో తెలిస్తే చాలు.

దశ 1: ముందు కొలత

ప్లాన్ల పేజీలు తెరవకముందే మన దగ్గరున్న సరుకెంతో కాగితం మీద పెట్టాలి. మాది ఇదీ:

1. పుస్తకాల రికార్డులు 6,400. ఒక్కోదానికి పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, బీరువా నంబరు. పేరు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ కావాలి.
2. స్కాన్ చేసిన పేజీలు 11,200. అసలు సైజు 41 జీబీ. వెబ్‌కు సరిపడా తగ్గించాక 4.6 జీబీ. డౌన్‌లోడ్ కోసం పీడీఎఫ్‌లు మరో 3.9 జీబీ. మొత్తం 8.5 జీబీ.
3. చూసేవాళ్లలో దాదాపు అందరూ ఫోన్ల మీదే.
4. బడ్జెట్ ఏడాదికి 3,000 రూపాయల లోపు. సభ్యుల చందాల్లోంచి అంతకన్నా తీయలేం.
5. సర్వర్ (సైటును దాచి అందించే కంప్యూటర్) సంగతి తెలిసినవాడిని నేనొక్కడినే. ఉద్యోగం బరంపురంలో.

అయిదో అంశాన్ని ఏ కంపెనీ పోలిక పట్టికలోనూ చూడం. మా విషయంలో చివరి నిర్ణయానికి అదే ఆధారమైంది.

స్కాన్ల గురించి ఒక మాట. మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, చనిపోయాక మరో 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఆ గడువు దాటిన పుస్తకాల స్కాన్లే పెట్టాం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాటి తెలుగు పుస్తకాలు మా బీరువాల్లో చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింటి కాగితం వేలు తగిలితే పొడిపొడి అవుతోంది. ఈ పని వాయిదా వేయలేకపోవడానికి కారణం అదే.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని గడువుగా పెట్టుకున్నాం. ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేసిందీ, సవర భాష మీద కృషి చేసిందీ ఈ ఊళ్లోనే. ఆ రోజున సభ్యులందరూ లింకు పంచుకుంటారు. అంటే ఏడాదిలో అతి పెద్ద రద్దీ మొదటిరోజే వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, దశ 5లో పనికొస్తుంది.

డొమైన్ (సైటు పేరు) కొన్నాం: 700, జీఎస్టీ 126.

ఇప్పటిదాకా ఖర్చు: 826 రూపాయలు.

దశ 2: ప్రకటనలో ధర, మూడేళ్ల ధర

ఒక షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) కంపెనీ ప్రకటనలో నెలకు 149 అని ఉంది. ఆ ధర కావాలంటే 48 నెలల డబ్బు ముందే కట్టాలి. 149ని 48తో గుణిస్తే 7,152, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 8,439 రూపాయలు ఒకేసారి. చందాల మీద నడిచే సంఘానికి అది కుదరదు.

ఏడాది ప్లాన్ తీసుకుంటే నెలకు 249. రెన్యువల్ ధర ఎంతో తెలియాలంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వెతకాలి: నెలకు 449. మూడేళ్లకు లెక్క ఇలా వచ్చింది:

మొదటి ఏడాది: 2,988, జీఎస్టీతో 3,526
రెండో ఏడాది: 5,388, జీఎస్టీతో 6,358
మూడో ఏడాది: మళ్లీ 6,358
మొత్తం: 16,242

రెండోది సొంత వీపీఎస్, అంటే మనకంటూ విడిగా అద్దెకిచ్చే సర్వర్ భాగం. నేను రాసే నాటికి డిజిటల్‌ఓషన్‌లో 1 జీబీ మెమరీ, 25 జీబీ డిస్కు ఉన్న సర్వర్ నెలకు 6 డాలర్లు. వాళ్లకు బెంగళూరులో డేటా సెంటర్ ఉంది. వారానికోసారి బ్యాకప్ కావాలంటే మరో 20 శాతం. డాలరు 85 రూపాయల లెక్కన నెలకు 612, జీఎస్టీతో 722. మూడేళ్లకు 25,998.

మూడోది స్టాటిక్ హోస్టింగ్. డేటాబేస్ ఉండదు, ముందే తయారుచేసిన పేజీలను అలాగే అందిస్తారు. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ రెండూ ఉచితమే. గిట్‌హబ్‌లో సైటు సైజు 1 జీబీ దాటకూడదు కాబట్టి స్కాన్లు పట్టవు. ఈ దశలో దీన్ని పక్కన పెట్టాం. కార్యదర్శి గారికీ, మిగతా సభ్యులకూ బ్రౌజర్‌లోనే పుస్తకాలు ఎక్కించే వీలుండాలని అనుకున్నాం, అందుకు వర్డ్‌ప్రెస్ అనే సైటు తయారీ ప్రోగ్రాం అనువుగా కనిపించింది.

ధరలు పోల్చేటప్పుడు ప్రతి కంపెనీని ఈ నాలుగూ అడగండి. జవాబు చాట్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాబట్టండి.

1. రెన్యువల్ ధర ఎంత, జీఎస్టీ కలిపా, కలపకుండానా?
2. ఎన్ని ఫైళ్ల వరకు అనుమతి?
3. ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు (సర్వర్ మీద నడిచే పనులు) నడవనిస్తారు?
4. వెళ్లిపోవాలనుకుంటే మొత్తం బ్యాకప్ మేమే దించుకోవచ్చా?

"అన్‌లిమిటెడ్" అని రాసినచోటా ఈ నాలుగూ అడగాల్సిందే. డిస్కు అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలోనూ ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది, ప్రాసెస్‌లకూ ఉంటుంది. మా లాంటి సైటుకు తగిలేది ఆ రెండే.

దశ 3: సర్వర్ ఎంత దూరంలో ఉంది

ఈ కొలతలు రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో, నెట్ బాగా నెమ్మదించే వేళ తీశాను. లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి పింగ్ చేశాను, అంటే సర్వర్‌కు చిన్న సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయం కొలిచాను. పఠనాలయం గదిలోంచి, ఒడిశా సిమ్‌తో:

బెంగళూరు: 58 మిల్లీసెకన్లు
ముంబై: 66
సింగపూర్: 97
జర్మనీ: 192
అమెరికా తూర్పు తీరం: 274

మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్లి ఆంధ్రా సిమ్‌తో కొలిస్తే బెంగళూరు 44, ముంబై 61. కొద్ది కిలోమీటర్లే తేడా. కానీ పర్లాకిమిడి ఒడిశా టెలికాం సర్కిల్‌లో ఉంది, పాతపట్నం ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో. ట్రేస్‌రూట్‌లో (డేటా వెళ్లే దారి చూపే పనిముట్టు) కనిపించిన పేర్లను బట్టి ఇక్కడి డేటా కోల్‌కతా మీదుగా, అక్కడిది హైదరాబాద్ మీదుగా వెళ్లింది. సరిహద్దు ఊళ్లవాళ్లు రెండు సిమ్‌లతోనూ కొలవండి. మన పాఠకులు రెండువైపులా ఉంటారు.

58కీ 274కీ తేడా కంటికి కనిపించనంత చిన్నది కదా అని ఒక సభ్యుడు అడిగారు. అది ఒక్కసారి వెళ్లి వచ్చే సమయం మాత్రమే. భద్రమైన పేజీ తెరవాలంటే కనెక్షన్ కలపడానికి ఒకసారి, తాళం కుదుర్చుకోడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, అంటే కనీసం మూడుసార్లు వెళ్లి రావాలి. ఆ తాళం పద్ధతి (టీఎల్ఎస్) 1.3 కాకుండా పాత 1.2 అయితే మరొకసారి. మూడుసార్లకే బెంగళూరుకు 174 మిల్లీసెకన్లు, అమెరికాకు 822. సర్వర్ ఇంకా పని మొదలుపెట్టకముందే అంత కాలం పోతుంది. దీన్ని ఏ ఖరీదైన ప్లానూ తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. అమెరికా తూర్పు తీరం ఇక్కడికి 13 వేల కిలోమీటర్లు అనుకున్నా రానూపోనూ 130 మిల్లీసెకన్లు తప్పదు. సముద్రం కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి అసలు లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక ప్లాన్ పరీక్షలో పోయింది. సర్వర్ ఇండియాలో ఉందని అమ్మకాల పేజీలో రాశారు. నెల రోజుల ప్లాన్ తీసుకుని పింగ్ చేస్తే 270 దాటింది. ట్రేస్‌రూట్ చేస్తే అమెరికా నగరాల పేర్లు వచ్చాయి. అడిగితే, ఇండియా సర్వర్ కావాలంటే కొనేటప్పుడే ఎంచుకోవాలన్నారు. కొనే పేజీలో ఆ ఎంపికే లేదు. డబ్బు వెనక్కి వచ్చింది, కానీ డబ్బు కట్టాక సర్వర్ ఐపీ (నెట్‌లో దాని అంకెల చిరునామా) చేతికి రాగానే ముందు చేయాల్సిన పని పింగ్ అని దీంతో తేలింది. ఫైళ్లు ఎక్కించడం ఆ తర్వాతే.

దశ 4: షేర్డ్ హోస్టింగ్‌లో ఫైళ్ల హద్దు

ముంబైలో సర్వర్ ఉన్న ఇంకో కంపెనీ దగ్గర నెలవారీ ప్లాన్: 399, జీఎస్టీతో 471. పరీక్షించేటప్పుడు నెలవారీయే తీసుకోండి. నెలకు ఖరీదు ఎక్కువైనా, బయటికి రావడం సులువు.

ఇప్పటిదాకా ఖర్చు: 1,297.

వర్డ్‌ప్రెస్ పెట్టాం, స్కాన్లు ఎక్కించడం మొదలైంది. సుమారు ఎనిమిదో వంతు మిగిలి ఉండగా అప్‌లోడ్‌లు ఆగిపోయాయి. డిస్కులో చోటు దండిగా ఉంది. సీప్యానెల్ (హోస్టింగ్ ఖాతాను నడిపే పేజీ) పక్క పట్టీలో "ఫైల్ యూసేజ్" అన్న వరుస మాత్రం ఎర్రగా మారింది: 1,00,000లో 1,00,000.

11,200 పేజీలు లక్ష ఫైళ్లు ఎలా అయ్యాయి? వర్డ్‌ప్రెస్ ఒక పెద్ద బొమ్మ ఎక్కిస్తే అసలుదాన్ని అలాగే ఉంచి, 2560 పిక్సెళ్లకు తగ్గించిన నకలు ఒకటి చేస్తుంది. మళ్లీ చిన్నవి, మధ్యవి, పెద్దవి కలిపి మరో ఆరు సైజులు. ఒక్కో పేజీకి ఎనిమిది ఫైళ్లు. మొత్తానికి 89,600 కావాలి. వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్లు, ప్లగిన్లు (దానికి తగిలించే అదనపు ప్రోగ్రాంలు), క్యాష్ (దాచిన పేజీల నకళ్లు), మెయిల్ పెట్టెలోని ఒక్కో ఉత్తరం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మా స్కాన్లు ఇంకా మిగిలి ఉండగానే హద్దు వచ్చేసింది.

మార్చినవి:

1. స్కాన్లను ఎక్కించకముందే కంప్యూటర్‌లో 1,400 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించాం.
2. వర్డ్‌ప్రెస్ చేసే అదనపు సైజులన్నింటినీ ఆపేసి, ఒక్క చిన్న బొమ్మ ఉంచాం. పేజీకి 2 ఫైళ్లు, మొత్తం 22,400.
3. మెయిల్‌ను ఈ సర్వర్ మీద పెట్టడం మానేశాం.

రెండో సమస్య చిరునామాలతో వచ్చింది. తెలుగు పేరుతో పేజీ పెడితే వర్డ్‌ప్రెస్ ఆ పేరునే చిరునామాగా మారుస్తుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే గుర్తు) 3 బైట్లు. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి 3 అక్షరాలవుతుంది, అంటే ఒక్క తెలుగు గుర్తుకు 9. వర్డ్‌ప్రెస్ చిరునామాకు ఇచ్చే చోటు 200 అక్షరాలు. 22 గుర్తులతో అయిపోతుంది. గుణింతం గుర్తు, పొల్లు కూడా ఈ లెక్కలోవే, కాబట్టి చూపుకు పది పన్నెండు అక్షరాల పేరుకే నిండిపోతుంది. పొడవైన పేర్లున్న పుస్తకాల్లో సంపుటం సంఖ్య చివర ఉంటుంది కదా, అదే తెగిపోయింది. అన్ని సంపుటాలకూ ఒకే చిరునామా వచ్చి, చివర 2, 3 అని వర్డ్‌ప్రెస్ తనకు తోచిన వరుసలో అంకెలు తగిలించింది. మూడో సంపుటం లింకు నొక్కితే అయిదోది తెరుచుకునేది.

పరిష్కారం సులువు. పుస్తకం మీద పఠనాలయం వేసిన నంబరే చిరునామా. ఏ భాషవాళ్లైనా ఫోన్లో చెప్పుకోవచ్చు, ఎప్పటికీ మారదు. స్కాన్ ఫైళ్లకూ అదే నంబరు పెట్టాం. సర్వర్లను నడిపే లినక్స్‌లో ఫైలు పేరు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు గుర్తులు. అది చాలు అనిపించినా పెట్టకండి. విండోస్‌లో జిప్ చేసిన తెలుగు పేర్లు సర్వర్‌లో విప్పితే మాకు చదవలేని గుర్తులయ్యాయి.

దశ 5: అందరూ ఒకేసారి తెరిస్తే

గడువుకు ముందే ప్రయోగంగా మా వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టాం. కొద్ది నిమిషాల్లోనే ఫిర్యాదులు. తెర మీద 508, "రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్". కార్యదర్శి మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, సైటు పాడైపోయిందా, నా ఫోన్లో ఏదైనా నొక్కేశానా?" అన్నారు.

సైటు పాడవలేదు. చాలా షేర్డ్ సర్వర్లలో ఒక్కో ఖాతాకు హద్దులు వేసే క్లౌడ్‌లినక్స్ ఉంటుంది. మా ప్లాన్‌లో ఒకేసారి నడవగలిగే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ పేజీలను తయారుచేసే భాష) ప్రాసెస్‌లు 20. ఒక్కో పేజీ తయారవడానికి 1.2 సెకన్లు పడుతుంటే, సెకనుకు 16 పేజీలకు మించి ఇవ్వలేదు. 21వ ప్రాసెస్‌కు 508 వస్తుంది. గ్రూపులో లింకు పడగానే వందమంది ఒకే నిమిషంలో నొక్కుతారు, రెండు సెకన్లలో పేజీ రాకపోతే మళ్లీ నొక్కుతారు. రద్దీ అలా పెరుగుతుంది.

అపాచీ బెంచ్ అనే పరీక్ష పనిముట్టుతో కొలిచాను, ఒకేసారి 30 అభ్యర్థనలు పంపుతూ:

క్యాష్ లేకుండా: మూడో వంతుకు పైగా 508
పేజీ క్యాష్ పెట్టాక: పుస్తకం పేజీలకు ఒక్క 508 కూడా లేదు, సగటు 0.2 సెకన్లు
వెతుకు పేజీకి: మార్పు లేదు, మళ్లీ 508

క్యాష్ అంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే ఇవ్వడం. వెతుకులాటలో ఒక్కొక్కరు ఒక్కో మాట కొడతారు, దాచినది పనికిరాదు. పుస్తకాల జాబితాకు వచ్చేవాళ్లు ముందు చేసేది వెతకడమే. నెలకు 200 ఎక్కువ కడితే ప్రాసెస్‌లు 40 అవుతాయని కంపెనీ చెప్పింది. ఏడాదిలో ఒకటి రెండు రోజుల రద్దీ కోసం పన్నెండు నెలలు కట్టడం నాకు సబబు అనిపించలేదు.

ఈలోగా రెండో నెల డబ్బు కట్టాం. ఇప్పటిదాకా ఖర్చు: 1,768.

దశ 6: వీపీఎస్

బెంగళూరులో 1 జీబీ మెమరీ సర్వర్, ఉబుంటు. ఒక నెలకు 602. ఇప్పటిదాకా ఖర్చు: 2,370.

వేగం బాగుంది. వెతుకులాట సగటున 0.4 సెకన్లు. కానీ పీడీఎఫ్‌లకు ముఖచిత్రాలు తయారుచేసే పని నడుస్తుండగా సైటు మొత్తం "డేటాబేస్ కనెక్షన్ కుదరలేదు" అన్న ఒక్క వాక్యంగా మిగిలింది. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తే, మెమరీ అయిపోయి లినక్స్ తనంతట తానే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను ఆపేసింది. 1 జీబీ సర్వర్లలో ఇది మామూలే. సరిచేసినవి:

1. 2 జీబీ స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు).
2. పీహెచ్‌పీ ప్రాసెస్‌లు గరిష్ఠంగా 5.
3. బొమ్మల పనులన్నీ ఇంటి కంప్యూటర్ మీదే, సర్వర్ మీద ఏవీ వద్దు.

ఆ తర్వాత మళ్లీ పడలేదు. అయినా దీన్ని వదులుకున్నాం. రెండు కారణాలు.

మొదటిది డబ్బు కట్టే పద్ధతి. కార్డు నుంచి ప్రతి నెలా తనంతట తానే కోసుకునే చెల్లింపులకు 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు మారాయి. ముందుగా ఈ-మాండేట్ (ఖాతాదారు ముందస్తు అనుమతి) నమోదు కావాలి. సంఘం డెబిట్ కార్డుకు ఈ విదేశీ బిల్లు మీద అది కుదరలేదు. అంటే ప్రతి నెలా ఎవరో గుర్తుపెట్టుకుని ఓటీపీతో కట్టాలి. మాస్టారు అడిగింది కూడా ఇదే: "ఏడాదికోసారి కట్టేసి మర్చిపోయేది ఏదీ లేదా?"

రెండోది, దశ 1లోని అయిదో అంశం. సర్వర్ పెట్టిన రోజు నుంచే లాగ్‌లో పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నాలు వరసగా కనిపించాయి. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి సర్వర్‌కూ ఇది ఉంటుంది. పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, నా కంప్యూటర్‌లో ఉన్న కీ ఫైలుతో మాత్రమే రానిచ్చాను. కానీ భద్రతా అప్‌డేట్లు, వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల అప్‌డేట్లు ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. నాకు బదిలీ అయితే? జ్వరమొస్తే? సంఘం ఆస్తిని ఒక్క మనిషి తీరిక మీద నిలబెట్టడం న్యాయం కాదు. వేగంలో నెగ్గిన ప్లాన్‌ను ఈ కారణంతో పక్కన పెట్టడం నాకు బాధగానే ఉంది, కానీ నిర్ణయం సరైనదేనని గట్టిగా నమ్ముతున్నాను.

పఠనాలయంలోని కంప్యూటర్‌నే సర్వర్ చేద్దామన్న మాట కూడా వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో గుర్తున్నవాళ్లే ఆ మాటను అక్కడితో ఆపేశారు.

దశ 7: డేటాబేస్ తీసేయడం

పుస్తకాల జాబితా రోజుకు పదిసార్లు మారేది కాదు. నెలకోసారి కొత్త పుస్తకాలు చేరతాయి. అలాంటప్పుడు ఎవరో పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌ను అడిగి కొత్తగా తయారుచేయడం ఎందుకు? ఒకసారి తయారుచేసి పెడితే చాలు. అలా స్టాటిక్ దారికి తిరిగొచ్చాం. సభ్యులు బ్రౌజర్‌లోనే పుస్తకాలు ఎక్కించాలన్న కోరికను గూగుల్ షీట్ తీర్చింది. మాస్టారు షీట్‌లో వరుస చేరుస్తారు. దాన్ని సీఎస్‌వీ (సాదా పట్టిక ఫైలు)గా దించి హ్యూగో అనే ప్రోగ్రాంకు ఇస్తే పేజీలన్నీ సెకన్లలో తయారవుతాయి. ఆ సీఎస్‌వీని మధ్యలో ఎక్సెల్‌లో తెరవకండి. తెలుగు, ఒడియా రెండూ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, అలాగే సేవ్ చేస్తే ఇక బాగుపడవు. తెరవాల్సి వస్తే లిబ్రేఆఫీస్‌లో, యూటీఎఫ్-8 (యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతి) ఎంచుకుని తెరవండి.

పేజీలకు క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, స్కాన్లకు వాళ్లదే ఆర్2 నిల్వ. ఉచిత ఖాతాలో హద్దులు ఇవీ:

పేజెస్: సైటుకు 20,000 ఫైళ్లు, ఒక్కో ఫైలు 25 ఎంబీ, నెలకు 500 బిల్డ్‌లు (సైటును మళ్లీ తయారుచేయడం)
ఆర్2: 10 జీబీ నిల్వ, బయటికి వెళ్లే డేటాకు ఛార్జీ లేదు, 10 జీబీ దాటితే జీబీకి నెలకు 0.015 డాలర్లు

మొదటి లెక్క కుదరలేదు. 6,400 పుస్తకాలకు మూడు భాషల్లో వేర్వేరు పేజీలంటే 19,200. రచయితల జాబితాలు, బీరువా జాబితాలు కలిస్తే 20,000 దాటుతుంది. అందుకని పుస్తకానికి ఒకటే పేజీ, అందులోనే మూడు లిపుల్లో పేరు. నిజానికి ఇదే బాగుంది. ఒడియా మిత్రుడు పేజీ తెరిస్తే పక్కనే తెలుగు పేరూ కనిపిస్తుంది. మొత్తం ఫైళ్లు 7,150కి తగ్గాయి.

ఎక్కించే వరుస:

1. బ్రౌజర్‌లో లాగి వదిలే పద్ధతికి 1,000 ఫైళ్ల హద్దు ఉంది. ర్యాంగ్లర్ అనే కమాండ్ పనిముట్టు వాడాలి.
2. స్కాన్లు, పీడీఎఫ్‌లు ఆర్2లోకి. ఉచిత వాడకానికైనా ఖాతాలో కార్డు నమోదు అడుగుతుంది.
3. ఆర్2 తాత్కాలికంగా ఇచ్చే చిరునామా పరీక్షలకే. దాని మీద వేగానికి హద్దు ఉంటుంది. మన డొమైన్ కింద ఒక ఉపపేరు తగిలించాలి, అందుకు డొమైన్ డీఎన్ఎస్ (పేరును సర్వర్‌కు కలిపే పట్టిక) క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరే ఉండాలి.

ఇక్కడ సర్వర్ ఒక ఊళ్లో ఉండదు, చాలా నగరాల్లో నకళ్లు ఉంటాయి. మన డొమైన్ చివర "/cdn-cgi/trace" చేరిస్తే ఏ నగరం నుంచి పేజీ వస్తోందో విమానాశ్రయం కోడ్ చూపిస్తుంది. పాతపట్నం సిమ్‌తో హైదరాబాద్ వచ్చింది. పర్లాకిమిడిలో ఒక కంపెనీ సిమ్‌తో కోల్‌కతా, ఇంకో సిమ్‌తో రాత్రిపూట సింగపూర్. సింగపూర్ వచ్చినప్పుడు కూడా మొదటి బైటు 0.35 సెకన్లలో చేరింది. షేర్డ్ సర్వర్ మీద ఇది 1.4 ఉండేది.

ఒకేసారి 30 అభ్యర్థనలు: 508 లేదు, ఉండే అవకాశమూ లేదు. అక్కడ పీహెచ్‌పీయే లేదు.

దశ 8: వెతుకు పెట్టె

డేటాబేస్ లేదు కాబట్టి వెతుకులాట పాఠకుడి ఫోన్‌లోనే జరగాలి. 6,400 రికార్డుల జాబితా ఒక ఫైలుగా చేస్తే 1.9 ఎంబీ. తెలుగు గుర్తులన్నీ ఒకే రకం బైట్లతో మొదలవుతాయి కాబట్టి బాగా కుదించుకుపోతుంది. కుదించాక 290 కేబీ. వెతుకు పెట్టెను తాకినప్పుడే ఆ ఫైలు దిగేలా పెట్టాం, ఊరికే పేజీ చూసేవాళ్ల డేటా ఖర్చవదు.

ఫలితాలు మాత్రం ముందు నిరాశపరిచాయి. బీరువాలో ఉన్న పుస్తకం తెర మీద "లేదు" అని వచ్చేది. కారణాలు ఒక్కొక్కటిగా దొరికాయి:

1. కొన్ని మాటల మధ్య కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఉంటుంది, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేది. ఒకరు టైపు చేస్తే వస్తుంది, ఇంకొకరు చేస్తే రాదు. పోల్చేముందు రెండువైపులా దాన్ని తీసేయాలి.
2. ఒకే మాటను సున్నాతో రాసేవాళ్లు, న పొల్లుతో రాసేవాళ్లు. హల్లుకు ముందొచ్చే అనునాసికాన్ని (న, మ లాంటి ముక్కుతో పలికే అక్షరం) రెండువైపులా సున్నాగా మార్చి పోల్చాం.
3. ఒడియా లిపిలో "ఒడియా" అని కొడితేనే ఫలితం సున్నా! ఆ మాటలో డ కింద చుక్క ఉంటుంది. ఆ అక్షరాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, డ ఒకటి చుక్క ఒకటిగా రెండు గుర్తులతోనూ రాయొచ్చు. మా షీట్‌లో ఒక రకం, ఫోన్ కీబోర్డులో ఇంకో రకం. ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ సవరింపు రెండింటినీ ఒకటి చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఒక్క పంక్తి.

మూడోది పట్టుకున్నది నేను కాదు, స్కాన్లు చేస్తున్న డిగ్రీ విద్యార్థి. "అన్నయ్యా, చుక్క ఉన్న మాటలే దొరకడం లేదు, మిగతావన్నీ వస్తున్నాయి" అని గమనించి చెప్పాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లవాడు కాబట్టి అది కనబడింది.

ఫాంట్లు ఏవీ పెట్టలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు, ఒడియా ఫాంట్లు ముందే ఉంటాయి.

దశ 9: డొమైన్, బ్యాకప్, అప్పగింత

డొమైన్‌ను హోస్టింగ్ కంపెనీ దగ్గర కొనకుండా మొదటి నుంచీ విడిగా ఉంచాం. ఇన్ని చోట్లు మారినా పాఠకుల లింకు మారకపోవడం అందువల్లే. హోస్టింగ్‌తో ఉచితంగా ఇచ్చే డొమైన్ తీసుకుంటే, వదిలి వెళ్లేటప్పుడు అది ఎవరి పేరు మీద ఉందన్న తగవు వస్తుంది. మారే ముందురోజు డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించండి, మార్పు త్వరగా అందరికీ చేరుతుంది.

బ్యాకప్ మూడు చోట్ల: ఆర్2లో, పఠనాలయం బీరువాలో 2 టీబీ హార్డ్ డిస్కు మీద, విశాఖపట్నంలో ఒక సభ్యుడి ఇంట్లో. డిస్కు 5,600. విశాఖ నకలుకు ఆయన తన పాత డిస్కు ఇచ్చారు.

ఇప్పటిదాకా ఖర్చు: 7,970. ఇందులో ఇక ప్రతి ఏటా కట్టాల్సింది డొమైన్ 826 మాత్రమే.

బ్యాకప్ పని చేస్తుందో లేదో చూడటానికి ఆ డిగ్రీ విద్యార్థిని నా సాయం లేకుండా, డిస్కులోని ఫైళ్లతో వేరే ఖాతాలో సైటు నిలబెట్టమన్నాం. అప్పగింత కాగితంలో రెండుచోట్ల ఆగాడు: కార్డు నమోదు దగ్గర, ఉపపేరు తగిలించే దగ్గర. ఆ రెండూ తెర బొమ్మలతో మళ్లీ రాశాం. పాస్‌వర్డ్‌లు సీలు వేసిన కవరులో కార్యదర్శి బీరువాలో ఉన్నాయి. డొమైన్ రెన్యువల్ తేదీ మాస్టారి ఫోన్లోనూ, నోటీసు బోర్డు మీదా ఉంది.

గుణుపురం నుంచి ఒక సంఘం వాళ్లు తమ 3,100 పుస్తకాలు కూడా ఇందులోనే చేర్చమని అడిగారు. లెక్క చూశాను. ఫైళ్లు 10,250 అవుతాయి, హద్దుకు సగం పైన. వాళ్ల స్కాన్లు 4 జీబీ వస్తే నిల్వ 12.5 జీబీ, అదనపు బిల్లు నెలకు సుమారు 3 రూపాయలు. నంబర్లు మావాటితో కలిసిపోకుండా వాళ్ల ప్రతి నంబరు ముందు 2 అంకె, మావాటి ముందు 1 చేర్చాలని మొదట అనుకున్నాం. అలాగైతే మా పాత లింకులన్నీ కొత్త వాటికి మళ్లించే ఫైలు రాయాలి. ఒక్కో పుస్తకానికి ఒక్కో పంక్తి రాస్తే పేజెస్‌లో మళ్లింపుల హద్దు 2,000 దగ్గరే ఆగిపోతాం. అందుకని మా పుస్తకాల నంబర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, గుణుపురం వాటికి మాత్రమే ముందు అంకె చేర్చాలన్న ఆలోచనలో ఉన్నాం.